ఎంగిలి కాని పాట

తాతాజీ అరటిగెలల వెనకాల దాక్కున్న సంగతి రావులపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏదో దొంగతనం చేసి దాక్కున్నాడని కాదు. అంటే, ఒకరకంగా దొంగతనమే అనుకోండి.

పదిహేనేళ్ళ కిందటి డిసెంబరు. సందెవేళ. కాలవ వంతెనకి ఇటునుంచి అయ్యప్ప మాలేసుకున్న స్వాముల ఊరేగింపు వస్తోంది. అటునుంచి క్రిస్మస్ పాటలు పాడుకుంటూ చర్చి వాళ్ళు వస్తున్నారు. రెండు గుంపులకీ ఆ ఏడు కొత్త పాట కట్టిపెట్టింది తాతాజీయే. కట్టిపెట్టడమంటే మరేం లేదు, బాగా ఆడిన సినిమాలోంచి ఒక పాట తీసుకోవడం, అందులోంచి పిల్లని దింపేసి దేవుణ్ణి కూచోబెట్టడం. అయితే ఆ ఏడు పని ఒత్తిడిలో పడి ఇద్దరికీ ఒకే పాట ఇచ్చేశాడు.

వంతెన నడిమధ్యన ఎదురుపడ్డారు. ముందు ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళు వెక్కిరిస్తున్నారనుకున్నారు. పల్లవి అయ్యేసరికి అనుమానం వచ్చింది. చరణానికొచ్చేసరికి ఇటు డప్పూ అటు డ్రమ్మూ ఒకే దెబ్బ మీద పడుతున్నాయి.

చర్చి పెద్ద అబ్రహాము పాట ఆపి, భజన బృందంలో ముందు నిలబడ్డ గణేష్‌బాబుని మర్యాదగా అడిగాడు. "స్వామీ, తమరి పాట ఎవరు కట్టారండి?"

"తమరిది ఎవరు కట్టారో ఆయనేనండి," అన్నాడు గణేష్‌బాబు.

ఇద్దరూ కలిసి ఊరేగింపు వెనకాలకి చూశారు. తాతాజీ తోలే మైకు సెట్టు ఆటో అక్కడే ఉంది. ఇంజను ఆడుతూనే ఉంది. డ్రైవరు సీట్లో తాతాజీ లేడు.

అతన్ని పట్టుకున్నది భార్య శ్యామలాంబ. మార్కెట్టులో లోడింగుకి పేర్చిన గెలల వెనకాల, తుండుగుడ్డ తలకి చుట్టుకుని కూచుని ఉన్నాడు.

"బయటికి రండి. ఎవరూ కొట్టరు."

"నిజంగానా?"

"ఇద్దరూ కలిసి నవ్వుకుంటున్నారు. కొడితేనే బాగుండేది."

బయటికొచ్చాక అబ్రహాము చెయ్యి పట్టుకుని, "మా పాట స్వాములకి కూడా ఇచ్చారేంటండీ తాతాజీ గారూ?" అంటే, తాతాజీ ఏమాత్రం తడుముకోకుండా, "బాణీదేముందండి, కాలవ నీళ్ళు. ఎవరి చేలోకొస్తే వాళ్ళవి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు భలే అన్నారు.

ఇంటికి వెళ్ళే దారిలో శ్యామలాంబ అంది: "కాలవ నీళ్ళకైనా వంతులుంటాయండీ. మీకు అదీ లేదు."

*

తాతాజీది వ్యవసాయం చేసుకునే కుటుంబమే గానీ, చిన్నప్పటినుంచీ అతని చెవి పొలం మీద ఉండేది కాదు, ఊళ్ళో మైకు ఎక్కడ మోగుతోందా అని ఉండేది. పెద్దయ్యాక ఒక ఆంప్లిఫయరూ, రెండు హారన్లూ, ఒక ఆటో సంపాదించి, ఆటో వెనకాల 'శ్రీ శ్యామల సౌండ్స్' అని రాయించుకున్నాడు. మైకు అద్దెకివ్వడం వృత్తి. పాటలు మార్చడం పిచ్చి.

ఎవరికేం కావాలన్నా కట్టేవాడు. వోణీల ఫంక్షనుకి ఒకటి, షష్టిపూర్తికి ఒకటి, ఎన్నికలొస్తే గుర్తుకొకటి. హీరో హీరోయిన్ని 'రావే' అని పిలిచిన చోట ఓటరుని 'రండి' అని పిలిచేవాడు. మాట సరిగ్గా కూర్చునేది. పాట వింటున్నవాడికి పాతది చెవిలో ఉండగానే కొత్తది నోటికొచ్చేసేది. అదొక విద్యే, కాదనడానికి లేదు. ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోనిది శ్యామలాంబ ఒక్కతే. దానికో కారణం ఉంది.

పెళ్ళయిన కొత్తలో తాతాజీ ఒక పాట పాడి వినిపించాడు. అందులో శ్యామలాంబ పేరుంది, ఆమె జడ ఉంది, కుడిచెంప మీద పుట్టుమచ్చ కూడా ఉంది. "నీకోసమే కట్టాను, రాత్రంతా నిద్రపోలేదు," అన్నాడు. నిద్రపోని మాట నిజమే. ఆ పిల్ల నమ్మింది. నమ్మి, ఆ పాటని పుట్టింటికి పట్టుకెళ్ళింది. పాలకొల్లు దగ్గర పిన్నిగారింట్లో పెళ్ళి. ఆడవాళ్ళంతా చేరి పాడమంటే, సిగ్గుపడుతూనే, "ఇది మా ఆయన కట్టిందండీ," అని ముందుగా చెప్పి మరీ పాడింది.

సగంలో ఉండగా పిన్నికూతురు శ్రీదుర్గ కిసుక్కుమంది. "అక్కా, ఇది సినిమా పాటే. మొన్న మేం చూశాం. హీరోయిన్ పేరున్న చోట బావ నీ పేరు పెట్టాడు."

"పుట్టుమచ్చో?" అంది శ్యామలాంబ.

"ఆ హీరోయిన్‌కీ ఉంది."

ఆడవాళ్ళ నవ్వులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పందిట్లో మొదలైన నవ్వు వంటశాల దాకా వెళ్ళి, గరిటె పట్టుకున్నవాళ్ళని కూడా నవ్వించి తిరిగొచ్చింది.

శ్యామలాంబ పోట్లాడలేదు. తిరిగొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ, విస్తరి వైపే చూస్తూ అంది. "నాకు ఎంగిలి పాట పెట్టారు. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది."

తాతాజీ కలిపిన ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

"ఒక్కటి కట్టండి. ఎవరి ఎంగిలీ కానిది. చిన్నదైనా పర్లేదు, బాగోకపోయినా పర్లేదు. అది పెట్టిన రోజు తింటాను."

"ఓస్, అదెంత," అన్నాడు.

ఆ 'అదెంత' ముప్పయ్యేళ్ళు పట్టింది.

ప్రయత్నించలేదని కాదు. ఏడాదికి ఒకటో రెండో బాణీలు పట్టుకొచ్చేవాడు. చావిట్లో కూచుని కూనిరాగం తీసేవాడు. వంటింట్లో శ్యామలాంబ నోట్లో ఏదో గొణుక్కుంటూ బియ్యం చెరుగుతూ ఉండేది. "ఆ చాట చప్పుడు ఆపవే, బాణీ చెదిరిపోతోంది!" అని కేకేసేవాడు. ఆపేది. అతను పాడేవాడు. రెండు విరుపులు వినేసరికి ఆమె చెప్పేసేది. సినిమా పేర్లు ఆమెకి గుర్తుండేవి కావు. ఎక్కడ చూసిందో, ఎవరితో చూసిందో, అది గుర్తుండేది.

"పాలకొల్లులో, అప్పాయమ్మక్కతో. నేల టిక్కెట్టు. ఇంటర్వెల్ ముందు. హీరో తెల్లచొక్కా."

"కాదు, ఇది నాదే!"

"చొక్కాకి జేబు కూడా ఉంది."

అతను పోయి వెతికితే, ఉండేది. చొక్కా, జేబు, బాణీ. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె తప్పు చెప్పలేదు. ఇల్లంతా పాటలతో నిండిపోయిన మనిషి తాతాజీ. ఏ కిటికీ తీసినా అందులోంచి ఎవడిదో ఒకడి పాట వచ్చేది తప్ప, తనదంటూ ఒక్కటీ రాలేదు.

పిల్లల్లేరు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి పాతికేళ్ళయింది. పాట సంగతి మాత్రం మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ఈమధ్య బియ్యం సంచుల్లో రాయన్నది రావట్లేదు కదా, మిల్లులో మిషనే ఏరేస్తోంది. అయినా శ్యామలాంబ చాట వదల్లేదు. పుట్టింటినుంచి తెచ్చుకున్న పాత వెదురు చాట, అంచుకి గుడ్డ కుట్టింది. "రాళ్ళు లేని బియ్యాన్ని చెరగడమేంటే, పనిలేకపోతే సరి," అని తాతాజీ ఏడిపించేవాడు. "చెయ్యి ఊరుకోదండీ," అనేది.

*

రెండేళ్ళ కిందట శ్యామలాంబ కాళ్ళు పొంగాయి. మొహం పొంగింది. రాజమండ్రి పెద్దాసుపత్రిలో కిడ్నీలన్నారు, వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. ఉప్పు వద్దన్నారు. కొబ్బరినీళ్ళు వద్దన్నారు. అరటిపండు అసలు ముట్టుకోవద్దన్నారు. ఇంటి గుమ్మం దిగితే ఎటు చూసినా అరటిగెలలే. "ఊరంతా విషం పేర్చినట్టుంది," అని ఆమె నవ్వేది.

తాతాజీ కూడా ఉప్పు మానేశాడు. చెప్పలేదు. ఆమె కనిపెట్టింది, ఆమె కూడా ఏమీ అనలేదు.

ఆసుపత్రికి మైకు సెట్టు ఆటోలోనే వెళ్ళేవారు. హారన్లు పీకడం పెద్ద పని కాబట్టి అలాగే వదిలేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మొదటిసారి ఆపాడు. "ఇక్కడ ప్రచారం చెయ్యకూడదండీ." "ప్రచారం కాదు బాబూ, పేషెంటు," అన్నాడు తాతాజీ. వెనక సీట్లోంచి శ్యామలాంబ చెయ్యి ఊపింది, అచ్చం క్యాండిడేటులాగే. ఆ తర్వాత అతను ఎప్పుడూ ఆపలేదు, దణ్ణం పెట్టి పంపేవాడు.

హైవే మీద లారీల కుదుపు ఆమె పడలేకపోయేది. అందుకని చుట్టయినా ఆత్రేయపురం మీంచి, బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కి, ధవళేశ్వరంలో దిగేవారు. ఆ దారంతా తాతాజీ బాణీలు కట్టేవాడు. ఇప్పుడిక ఏడాదికి ఒకటి కాదు, రోజుకి ఒకటి. ఎందుకంత తొందరో ఇద్దరికీ తెలుసు.

"ఇదెలా ఉంది?"

"తణుకులో. మీతోనే. కూల్‌డ్రింక్ నా చీర మీద పోశారు."

"ఇది?"

"అది పాట కూడా కాదు, సబ్బు అడ్వర్‌టైజ్‌మెంటు."

ఇలా నెలలు గడిచాయి. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఒకరోజు, తిరుగుదారిలో, బ్యారేజీ మీద ఆటో మెల్లగా పోతోంది. తాతాజీ ఆవేళ ప్రయత్నించడం లేదు. అలిసిపోయి ఉన్నాడు. డాక్టరు ఆ పొద్దున్న పక్కకి పిలిచి చెప్పిన మాట ఒకటి లోపల తిరుగుతోంది. నోట్లోంచి దానంతటది ఒక కూనిరాగం వస్తోంది. మూడు విరుపులు సాగుతుంది, నాలుగో దాని దగ్గర ఆగుతుంది, ఒక క్షణం ఏమీ ఉండదు, మళ్ళీ మొదలవుతుంది. బ్యారేజీ సగం దాటాక గానీ తను పాడుతున్నట్టు తెలియలేదు. గబగబా లోపల వెతికాడు. ఏ హీరో కనపడలేదు. ఏ చొక్కా కనపడలేదు.

అద్దంలోకి చూశాడు. వెనక సీట్లో శ్యామలాంబ తలెత్తి ఉంది.

"ఎక్కడ చూశావు?" అన్నాడు భయంభయంగా.

ఆమె కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"పాలకొల్లా? తణుకా?"

ఆమె మొహం నీళ్ళవైపు తిప్పుకుంది. అద్దంలో జడ మాత్రం కనపడుతోంది. గేట్లు ఒకటొకటీ వెనక్కి పోతున్నాయి. నీళ్ళనే చూస్తూ అంది.

"లేదండీ. ఎప్పుడూ వినలేదు."

తాతాజీ ఆటో ఆపేశాడు. బ్యారేజీ మీద ఆపకూడదు, వెనకాల బస్సువాడు హారను కొడుతున్నాడు, అయినా ఆపేశాడు. వెనక్కి తిరిగి, "ఒట్టు?" అన్నాడు.

"ఒట్టెందుకు. బాగుంది. ఆ నాలుగో విరుపు దగ్గర ఆగుతున్నారు చూడండి, అక్కడేమీ పెట్టకండి. అలా ఖాళీగా ఉండనివ్వండి."

"తాళం తప్పుతుందే."

"తప్పనివ్వండి."

మాటలు మూడు రోజుల్లో వచ్చేశాయి. డయాలసిస్ మంచం పక్కన స్టూలు మీద కూచుని, ఫోను ఆమె తలగడ మీద పెట్టి, రికార్డింగు నొక్కి, గొంతు తగ్గించి పాడాడు.

*ఉప్పు తక్కువైన పూట అలిగినాను*
*తప్పు నాదే ఐన పూట అరిచినాను*
*ముప్పయ్యేళ్ళు ఎదురుగానే కూచున్నావు*
*చెప్పలేదు...*

అక్కడ ఆగేది పాట. ఏం చెప్పలేదో పాటలో లేదు. మళ్ళీ మొదటికొచ్చేది.

పాడుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఎడమచేతికి గొట్టాలున్నాయి. కుడిచెయ్యి మంచం ఇనపకడ్డీ మీద ఉంది. అయ్యాక కళ్ళు తెరిచి, "తిన్నాను," అంది.

"ఏంటి?"

"పెట్టిన రోజు తింటానన్నాను కదా. తిన్నాను."

తాతాజీ వార్డు బయటికి వెళ్ళి, మెట్ల మీద కూచుని, ఏడ్చాడు. సంతోషంతోనే ఏడ్చాడు. అలాంటి సంతోషం మళ్ళీ వద్దనిపించేంత ఏడ్చాడు. పక్కనుంచి వెళ్తున్న నర్సమ్మ ఎవరో పోయారనుకుని భుజం తట్టి, కాగితాల కోసం ఏ కౌంటరుకి వెళ్ళాలో చెప్పింది.

పదమూడు రోజుల తర్వాత, శ్రావణమాసంలో ఒక మంగళవారం పొద్దున్న, ఆసుపత్రికి బయల్దేరదామని జడ వేసుకుంటూ, శ్యామలాంబ దువ్వెన చేతిలో ఉండగానే పోయింది.

*

ఆ వీధుల్లో ఎవరు పోయినా హారన్లు కట్టి గీతాశ్లోకాలు వేసేది తాతాజీయే. ఆ పెన్‌డ్రైవు ఎన్ని చావులు చూసిందో లెక్కలేదు. తన ఇంటి గుమ్మానికి హారను కట్టుకునేటప్పుడు మాత్రం అది పెట్టలేకపోయాడు. "పెద్దకర్మ నాడు ఆవిడ పాట వేస్తాను," అన్నాడు.

ఫోనులో రికార్డయిన పాటని గణేష్‌బాబుకి ఇచ్చాడు. భజనలో ముందు నిలబడేవాడే. ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుని, కంప్యూటరు మీద పాటలు మిక్స్ చేస్తుంటాడు. ఫోన్లోంచి చిప్పు తీసి కంప్యూటరుకి పెట్టుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, రెండుసార్లు విన్నాడు.

"బాగుందండీ బాబాయ్ గారూ. వెనకాల మిషను రొద ఉంది, తీసేస్తాను. మధ్యమధ్యలో టిక్కు, టిక్కుమని ఏదో వస్తోందండి. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా."

ముప్పయ్యేళ్ళు మైకుల మధ్య బతికిన మనిషి. రొద కనపడితే తుడిచెయ్యడం చేతికి అలవాటు. "ఫోనులో ఏదో లూజై ఉంటుందిరా. తీసెయ్యి," అన్నాడు తాతాజీ.

"తీసేస్తే అక్కడ మరీ బోసిగా ఉంటుందండి. రిథమ్ పేడ్ దెబ్బ ఒకటి వెయ్యనా?"

"వద్దు. ఖాళీగానే ఉంచు. ఆవిడ చెప్పింది."

పెద్దకర్మ నాడు జనం బాగానే వచ్చారు. శ్యామలాంబ ఫొటోకి దండేసి, దీపం పెట్టి, గుమ్మం మీద హారన్లలో పాట వేశారు. రొద లేదు, టిక్కు లేదు. తలెత్తకుండా భోంచేస్తున్నవాళ్ళు కూడా ఒక్క నిమిషం చెయ్యి ఆపారు. అబ్రహాము దగ్గరికొచ్చి, అలవాటు చొప్పున, చెవిలో మెల్లగా అడిగాడు. "ఏ సినిమాలోదండీ?"

"సినిమాలోది కాదండీ," అన్నాడు తాతాజీ. ఆ మాట ఎవరో ఒకరు అడిగితే అలా చెప్పాలని ముప్పయ్యేళ్ళుగా ఎదురుచూశాడు. చెప్పేశాడు. వినాల్సిన మనిషి దండ వెనకాల ఉంది.

అప్పుడు చూశాడు అప్పాయమ్మని. శ్యామలాంబ అక్క. డెబ్భైకి దగ్గరపడింది. గోడకి జారబడి కూచుని ఉంది. పాట వింటూ రెండు చేతులూ ముందుకి చాపి, ఏదో పట్టుకున్నట్టు పెట్టి, గాలిలో ఎగరేస్తోంది. మూడుసార్లు ఎగరేసి, ఆపి, వంగి, చిటికెనవేలితో ఏదో తీసి పక్కకి కొట్టి, మళ్ళీ ఎగరేస్తోంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. చేతులు మాత్రం ఆగడం లేదు.

"వదినగారూ, ఏంటండీ అది?" అన్నాడు దగ్గర కూచుని.

"మా శ్యామల పాట వేయించారు కదా మరిదిగారూ. చేతులు ఊరుకోవట్లేదు."

"శ్యామల కోసం నేను కట్టానండి."

"కోసమేంటండీ? శ్యామలదే. చాట పట్టుకుంటే ఇదే కదా గొణిగేది. మా అమ్మా ఇంతే, చాట పడితే ఇదే. మాటలుండేవి కావు, ఊఁ ఊఁ అనుకోవడమే. మాటలు మీరు పెట్టారా? బాగున్నాయి. మీ ఇంట్లో ముప్పయ్యేళ్ళు చెరిగింది, మీరు వినలేదా ఏంటి?"

తాతాజీకి తన కేక తనకే వినపడింది. ఆ చాట చప్పుడు ఆపవే, బాణీ చెదిరిపోతోంది. ఎన్నిసార్లు అన్నాడో.

"మరి... అక్కడ ఆగుతుందేం వదినగారూ? ఆ నాలుగో విరుపు దగ్గర?"

అప్పాయమ్మ అతని అజ్ఞానానికి కాస్త జాలిపడింది. "రాయి ఏరొద్దుటండీ? మూడు చెరుగులు చెరిగితే రాయి పైకి తేలుతుంది. అప్పుడాగి, వేలితో తీసి, గోటితో టిక్కుమని అవతలికి కొట్టాలి. పాడుతూ ఏరితే రాయి కనపడదు. మా శ్యామలది పొడుగు గోరు. ఎంత దూరం కొట్టేదో! టిక్కుమనేది."

టిక్కు.

తాతాజీ లేచాడు. భోజనాల బంతిలోకి వెళ్ళాడు. గణేష్‌బాబు మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు.

"ఒరే, మొదటి పాట ఉందా? నువ్వు బాగుచెయ్యకముందుది?"

"లేదండి బాబాయ్ గారూ, అదే పేరు మీద సేవ్ చేసేశాను. చిప్పులో కూడా అదే ఎక్కించాను. ఏం, టిక్కు మళ్ళీ వస్తోందా?"

"లేదు," అన్నాడు తాతాజీ. "రావట్లేదు."

"అమ్మయ్య," అన్నాడు గణేష్‌బాబు, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. అతన్నేమనగలం?

తాతాజీ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. మంచం ఇనపకడ్డీ మీద కుడిచెయ్యి గుర్తొచ్చింది. బ్యారేజీ మీద నీళ్ళవైపు తిరిగిపోయిన మొహం గుర్తొచ్చింది. ముప్పయ్యేళ్ళలో ఆమె తప్పు చెప్పింది ఆ ఒక్కసారే.

హారన్లో పాట మళ్ళీ మొదటికొచ్చింది. *చెప్పలేదు* అని ఆగింది. శుభ్రంగా ఆగింది.

*

కార్తీకంలో గణేష్‌బాబు మాలేసుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి నసిగాడు. "స్వామీ, ఈ ఏడు భజనకి ఆ బాణీ వాడుకోవచ్చాండి? మీకు ఇష్టమైతేనేనండి. మీ సొంతది కదా."

"నాదైతే కదా ఇవ్వకపోవడానికి," అన్నాడు తాతాజీ. "తీసుకో."

"మీది కాకపోతే ఎవరిదండీ?"

"మా అత్తగారిది. ఆవిడకి ఎవరిచ్చారో తెలీదు. అడగడానికి ఎవరూ లేరు."

గణేష్‌బాబుకి అర్థం కాలేదు గానీ, సరేనండి అని వెళ్ళాడు. వారం తిరక్కుండా పాట ఊళ్ళోకొచ్చేసింది. సందెవేళ స్వాముల ఊరేగింపు కాలవ వంతెన దాటి, వీధిలోకి తిరిగింది. నలభైమంది ఆ బాణీని ఒక్క గొంతుతో పాడుతున్నారు. నాలుగో విరుపు దగ్గర ఆ ఖాళీ వచ్చేసరికి ఎవరో ఆపుకోలేక 'స్వామియే' అని అరిచారు. మిగతావాళ్ళు శరణమయ్యప్ప అందుకున్నారు. ఖాళీ నిండిపోయింది. వినసొంపుగానే ఉంది. తనే కడితే తనూ అదే పెట్టేవాడు.

అతను ఆవేళ మైకు తోలడానికి వెళ్ళలేదు. వంటింట్లో కింద కూచుని ఉన్నాడు. ఊరేగింపు ఇంటిముందునుంచి వెళ్ళి, మలుపు తిరిగి, దూరమయ్యేదాకా ఆగాడు. తర్వాత డబ్బాలోంచి రెండు గిద్దల బియ్యం చాటలో పోసుకున్నాడు.

చెరగడం రాదు. మొదటి విసురుకే సగం బియ్యం ఒళ్ళో పడ్డాయి. ఏరుకుని మళ్ళీ పోసుకున్నాడు. నోటితో ఊఁ ఊఁ అనుకుంటూ మెల్లగా ఎగరేశాడు. ఒకటి. రెండు. మూడు.

ఆగాడు. బియ్యంలో రాయి లేదు. వేలితో అంతా కెలికి చూశాడు. లేదు.

ఒక గింజ ఏరి, చాట అంచు మీద పెట్టి, గోటితో కొట్టాడు. ఎక్కడో పడింది. చప్పుడు రాలేదు.